పైనున్న కవరు

దుప్పటి ఒక కొసని మంచం కమ్మీకి కట్టారు. రెండో కొసని కిటికీ అక్క ఎడమచేత్తో పట్టుకుంది. దర్జీ నిలువునా కోసుకుంటూ వచ్చింది. ఆస్పత్రి కత్తెర మొండిది. గుడ్డని కోయడం కంటే నమలడమే ఎక్కువ.

"కొంచెం లాగి పట్టుకో అక్కా. వదులైతే వంకర పోతుంది."

కిటికీ అక్క లాగి పట్టుకుంది. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంచుకుంది. సెలైన్ సూది గుచ్చిన నొప్పి కాబోలు అనుకుంది దర్జీ.

నెలలు నిండకుండా కన్న ఆడవాళ్ళ హాలు అది. బిడ్డలు పక్క గదిలో ఉంటారు. మధ్యలో అద్దం తలుపు. కిటికీ పక్క మంచం ఆమె వయసులో పెద్దది, మాట తక్కువ. అందరూ ఆమెని కిటికీ అక్క అంటారు. దర్జీ బయట బస్సు సీట్లకి రెగ్జిన్ తొడుగులు కుట్టే మనిషి. ఆ సంగతి తెలిశాక పెద్ద సిస్టర్ ఊరుకోలేదు. పాత దుప్పట్లు నాలుగు తెచ్చి ఒళ్ళో పడేసింది.

"ఊరికే కూర్చుంటే బుర్ర పాడవుతుంది. కట్లు కుట్టు. ఉన్నవన్నీ కుట్ల దగ్గర పిగిలిపోయాయి."

కట్టంటే, బిడ్డని తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి జారకుండా చుట్టే వెడల్పాటి గుడ్డ. ఆ ఆస్పత్రిలో ఒక పరిశోధన జరుగుతోంది. నెలలు నిండని బిడ్డల్లో కొందరిని పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి కట్టేస్తారు. ఇంకొందరిని ఎప్పట్లాగే వెచ్చటి అద్దాల పెట్టెలో ఉంచి, కుదుటపడ్డాకే తల్లికిస్తారు. ఏది మేలో తేలాలి. ఏ బిడ్డ ఎటు పోవాలన్నది మనుషులు చెప్పరు. కవరు చెబుతుంది.

దర్జీకి కాళ్ళు వాచి, బీపీ ఎక్కి, కళ్ళ ముందు మెరుపులు తిరుగుతున్న రోజున ఒక అమ్మాయి కవర్ల డబ్బా పట్టుకుని వచ్చింది. అన్నీ వివరంగానే చెప్పింది. దర్జీ తలకి సగం ఎక్కింది. ఒప్పుకుంది. "మీ బిడ్డ కదక్కా, మీ చేత్తోనే తీయండి" అని డబ్బా ముందుకి జరిపింది ఆ అమ్మాయి. దర్జీ తీసింది. పెట్టె అని వచ్చింది.

కిటికీ అక్కకీ పెట్టే వచ్చింది.

కాబట్టి వాళ్ళిద్దరూ వేరేవాళ్ళ బిడ్డల కోసం కట్లు కుడుతున్నారు. దర్జీకి ఆ మాట మనసులో మెదిలినప్పుడల్లా సూది వేగం పెరిగేది.

"ఏమే దర్జీ, దానికో జేబు కూడా పెట్టవే" అంది తలుపు పక్క మంచం మీంచి రేడియో. ఆమె నోరు మూతపడగా హాల్లో ఎవరూ చూడలేదు. కొడుకుని రొమ్మున కట్టుకుని ఒళ్ళంతా నవ్వుకుంటూ ఉంటుంది. ఆమెకి ఒళ్ళు అని వచ్చింది మరి. "ఫోను పెట్టుకుంటాను. వీడు పడుకున్నంతసేపూ ఊసుపోవట్లేదు."

"జేబు దేనికి? నీ నోటికో గుండీ కుడతాను."

"అది కుట్టు ముందు! నీ కాళ్ళు మొక్కుతాను తల్లీ" అంది రేడియో అత్త, గుమ్మం బయటనుంచే. ఆమెకి ఒకటే దగ్గు. మాస్కు కట్టినా లోపలికి రానివ్వడం లేదు.

హాలంతా నవ్వింది. కిటికీ అక్క నవ్వలేదు గానీ, పట్టుకున్న కొస కాస్త ఊగింది.

*

మర్నాడు పొద్దున రేడియో నోరు మూతపడింది.

తల పగిలిపోతోందని కూర్చుంది. కళ్ళు మసకగా ఉన్నాయంది. పెద్ద సిస్టర్ వచ్చి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, బిడ్డని విప్పి తీసుకుంది. చక్రాల మంచం వచ్చేలోపే రేడియోకి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. కాన్పయ్యాక కూడా ఇలా వస్తుందని దర్జీకి అప్పుడే తెలిసింది. తనకి తగ్గిపోయిందనుకున్న జబ్బు ఇంకా అయిపోలేదన్నమాట. తన చేతిని తనే పట్టుకుని నాడి చూసుకుంది. చూడ్డం రాదు. అయినా చూసుకుంది.

మధ్యాహ్నం కవర్ల అమ్మాయి వచ్చి మంచం పక్కన నిలబడింది. దర్జీ మొహంలోకి చూడకుండా, కుట్టి మడతపెట్టిన కట్ల వైపు చూస్తూ మాట్లాడింది.

"అక్కా, ఒకటి అడుగుతాను. ఇష్టం లేకపోతే వద్దనెయ్."

"అడుగు."

"రేడియో అక్కకి ప్రాణభయం లేదన్నారు. కానీ రెండు మూడు రోజులు ఐసీయూలోనే ఉంచుతారు. బాబుని ఒంటి మీదే ఉంచాలి. వాళ్ళత్తకి దగ్గు. ఇంకెవరూ లేరు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే ఆరోగ్యంగా ఉన్న వేరే ఆడమనిషి ఎవరైనా పెట్టుకోవచ్చు. నీకు బీపీ దిగింది, కడుపు మీద కుట్టు కూడా మానుతోంది..."

దర్జీ సూదిలోంచి దారం లాగేసింది.

"మరి నా పిల్ల?"

"నీ పిల్ల పెట్టెలో కదక్కా."

"పెట్టెలో ఉందని నాకు నువ్వు చెప్పాలా?"

కవర్ల అమ్మాయి మెడ దాకా ఎర్రబడింది. గుమ్మం దగ్గర రేడియో అత్త గోడ పట్టుకుని నిలబడి ఉంది. మాస్కు లోపలినుంచి మాట సరిగా రావడం లేదు.

"నిన్ను అడగడానికి నాకు నోరు రావట్లేదమ్మా. అడక్కపోతే వాడు పొద్దుట్నుంచీ ఒంటరిగా ఉన్నాడు."

నా కూతురు పుట్టినప్పట్నుంచీ ఒంటరిగానే ఉంది అనబోయింది దర్జీ. ఆ ముసలామె కళ్ళు చూసి మింగేసింది. సూదిని దిండుకి గుచ్చి లేచింది.

"సబ్బెక్కడ?" అంది.

అద్దం తలుపు దాటి బిడ్డల గదిలోకి వెళ్ళి, మోచేతుల దాకా కడుక్కుంది. గౌను ముందువైపు విప్పి కుర్చీలో వెనక్కి వాలింది. పెద్ద సిస్టర్ బాబుని తెచ్చి రొమ్ముల మధ్య నిలువుగా పెట్టింది. అరచేయి అంత వీపు. వేడి పాలగిన్నె మీద పెట్టే మూత కంటే బరువుండడు.

"తల పక్కకి. గడ్డం కొంచెం పైకి. ముక్కు కనపడాలి. కాళ్ళు కప్ప కాళ్ళలా మడవాలి" అంటూ పెద్ద సిస్టర్ కట్టు చుట్టింది. ఎవరికి కట్టినా అవే మాటలు, అదే వరస. దర్జీ కుట్టిన కట్టే అది. అంచు చంక కింద ఒరుసుకోకుండా మడిచి కుట్టింది. ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడు ఊహించి కుట్టింది, ఇప్పుడు తెలిసింది.

ఆ పక్కనే తన కొడుకు పెట్టె దగ్గర స్టూలు మీద కిటికీ అక్క కూర్చుని ఉంది. పెట్టెకున్న గుండ్రటి కంతలోంచి ఎడమచెయ్యి లోపలికి పెట్టి, వేలితో బిడ్డ పాదం తాకుతోంది. పెద్ద సిస్టర్ కట్టు చుడుతూ చెబుతుంటే ఆమె పెదవులు కూడా కదిలాయి. తల పక్కకి. గడ్డం పైకి.

"కుర్చీ అటు తిప్పనా? మీ అమ్మాయి కనపడుతుంది" అంది పెద్ద సిస్టర్.

"వద్దు."

బాబు కాసేపు పిల్లికూనలా కదిలాడు. తర్వాత వాడి ఊపిరి ఆమె ఊపిరితో కలిసింది. వాడి ఒంటి వెచ్చదనం ఆమెదో వాడిదో తెలియకుండా పోయింది. గౌను తడిసింది. పాలు. ఏ బిడ్డ కోసం వచ్చాయో వాటికేం తెలుసు?

"సిస్టర్" అంది దర్జీ. "తిప్పండి కుర్చీ."

తిప్పారు. అద్దాల పెట్టెలో కూతురు గోడవైపు మొహం పెట్టి పడుకుని ఉంది. నెత్తిన టోపీ. ముక్కులోంచి సన్నటి గొట్టం. సాయంత్రం దాకా దర్జీ ఒక బిడ్డని మోస్తూ ఇంకో బిడ్డని చూసింది.

భర్త ఫోను చేశాడు. బోర్లు వేసే లారీ మీద పని అతనికి. వెనక మిషను హోరు.

"ఏం చేస్తోంది మన అమ్మాయి?"

"పడుకుంది."

"నువ్వో?"

"నేనా... ఎత్తుకుని కూర్చున్నాను."

"ఇచ్చారా! ఎత్తుకోనిచ్చారా! ఎలా ఉందే? నీ పోలికా, నా పోలికా?"

మిషను హోరులో అతని నవ్వు వినపడింది. కాదని చెప్పాలి.

"సరిగ్గా వినపడట్లేదు" అని పెట్టేసింది.

*

కిటికీ అక్క కొడుకు తెల్లారాక పోయాడు.

దర్జీ అప్పటికే కుర్చీలో ఉంది, రేడియో కొడుకుతో. పెట్టె దగ్గర మిషను కూసింది. ఇద్దరు డాక్టర్లు వచ్చారు. పెద్ద సిస్టర్ తెర లాగింది. తెర కింద కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. చాలాసేపు కదిలాయి. తర్వాత ఆగాయి. దర్జీ లేవడానికి లేదు, బిడ్డ కట్టేసి ఉన్నాడు. చేతులు రెండూ వాడి వీపు మీద వేసుకుని కూర్చుంది. వాడు నిద్రపోతూనే ఉన్నాడు.

కిటికీ అక్కని పిలుచుకొచ్చారు. ఆమె ఏడవలేదు. గొట్టాలూ తీగలూ తీసేసి, బిడ్డని తెల్లటి గుడ్డలో చుట్టి, అప్పుడిచ్చారు చేతికి.

ఆమె ఎడమచేత్తో తీసుకుంది. మోచేయి వంపులో పెట్టుకుంది. కుడిచెయ్యి పక్కన వేలాడుతూ ఉండిపోయింది.

"రెండు చేతులతో పట్టుకోమ్మా" అంది పెద్ద సిస్టర్, గొంతు తగ్గించి.

ఆమె తల అడ్డంగా ఊపింది. దర్జీ వైపు చూసింది. చెప్పాల్సింది ఆమెకే అన్నట్టు చెప్పింది.

"ఈ చేత్తోనే తీశాను కవరు."

అప్పటికి దర్జీకి అర్థమైంది. గుడ్డ కొస పట్టుకున్నా, పెట్టెలోకి చెయ్యి పెట్టినా, టీ గ్లాసు అందుకున్నా, అన్నిటికీ ఆ ఎడమచెయ్యే ఎందుకో. ఏదో ఒకటి అనాలి. కాదక్కా అనాలి. కానీ తన కుడిచెయ్యి మీద తనకి మాత్రం నమ్మకం ఉందా? ఎన్నిసార్లు ఆ వేళ్ళ వైపు చూసుకోలేదు, ఎవరివో అన్నట్టు?

మధ్యాహ్నానికి కిటికీ అక్క భర్త వచ్చాడు. మంచం మీద ఉన్న బట్టలన్నీ ఒక సంచిలో కూరాడు. దర్జీ భోజనం మూత తీసి మళ్ళీ పెట్టేసింది. వాళ్ళు వెళ్ళాక చూస్తే సగం కోసిన దుప్పటి కొస ఇంకా కమ్మీకి కట్టే ఉంది. పట్టుకునేవాళ్ళు లేక దర్జీ దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి కోసింది. వంకర పోయింది.

*

రేడియో తిరిగొచ్చింది. మొహం ఉబ్బి ఉంది, నోరు మాత్రం దారిలోనే బాగుపడింది.

"నా కొడుకుని పాడు చేసి పెట్టావటగా! నా దగ్గర పడుకోవట్లేదు వెధవ. నీ వాసన మరిగాడు."

"రెండ్రోజుల్లో మర్చిపోతాడులే."

"వాడు మర్చిపోతాడు. నేను మర్చిపోను" అంది రేడియో. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె అలా ఉండడం హాల్లో ఎవరికీ అలవాటు లేదు. ఎవరో ఫ్యాను వేగం పెంచారు.

దర్జీ రొమ్ము మీద మళ్ళీ గాలి ఆడింది. అంతవరకూ బిడ్డ ఉన్నచోట చలి వేసింది. గౌను బొత్తాలు మెడ దాకా పెట్టుకుంది. పాలు పిండి గిన్నెలో పట్టి, గొట్టం ద్వారా వేయడానికి సిస్టర్‌కిచ్చి, స్టూలు మీద కూర్చుని, కంతలోంచి వేలు పెట్టి కూతురి పాదం తాకింది. కిటికీ అక్క కూర్చున్న స్టూలే అది. తనూ ఎడమచెయ్యే పెట్టానని కాసేపటికి గమనించింది. తీసి, కుడిచెయ్యి పెట్టబోయింది. పెట్టలేకపోయింది.

ఆ సాయంత్రం పెద్ద డాక్టరు హాల్లోకి వచ్చింది. ఆమె వెనక కవర్ల అమ్మాయి. చేతిలో డబ్బా లేదు.

పెద్ద డాక్టరు నిలబడే చెప్పింది. ఇలాంటి పరిశోధన ఇంకొన్ని ఆస్పత్రుల్లో కూడా జరుగుతోందట. అన్నిచోట్ల లెక్కలూ చూసేవాళ్ళు వేరే ఉన్నారట. సగంలో ఉండగానే వాళ్ళకి తేడా స్పష్టంగా కనపడిందట. తల్లి ఒంటి మీదున్న బిడ్డలే ఎక్కువమంది బతుకుతున్నారు. ఇక కవర్లు తీయడం తప్పు, ఆపేయమన్నారు.

"రేపట్నుంచి కాదు, ఇప్పట్నుంచే. వీలైన ప్రతి బిడ్డనీ తల్లికే ఇస్తాం."

హాల్లో ఒక్కసారిగా గోల. రేడియో చప్పట్లు కొట్టి, బిడ్డ ఉలిక్కిపడితే నాలిక కరుచుకుంది. "దర్జీ! విన్నావా? మొద్దులా కూర్చున్నావేంటే!"

దర్జీ విన్నది. పెద్ద డాక్టరు వెళ్ళిపోయాక కవర్ల అమ్మాయిని నీళ్ళ కుళాయి దగ్గర పట్టుకుంది.

"ఆ లెక్కల్లో కిటికీ అక్క కొడుకున్నాడా?"

"ఇలా పోయిన బిడ్డలందరూ ఉన్నారక్కా. బాబు మొన్నే కదా... ఈసారి లెక్కకి అందాడో లేదో నాకు తెలీదు."

"అందకపోయినా, వాడిలాంటి వాళ్ళు పోతేనే కదా మీకు తెలిసింది."

"తెలీకే కదక్కా చూసింది. తెలిస్తే ఎవరైనా..." ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుంది.

"మాతో ఎందుకు తీయించావు?" అంది దర్జీ. గొంతు లేవలేదు. "నువ్వే తీసుకుని, నీ బిడ్డ ఇటు అని ఒక మాట చెబితే పోయేది కదా. ఆవిడ తన బిడ్డని కుడిచేత్తో ముట్టుకోలేదు. పోయాక కూడా ముట్టుకోలేదు."

కవర్ల అమ్మాయి కుళాయి కట్టేసింది. కట్టేసిన కుళాయిని ఇంకా తిప్పుతూనే ఉంది.

"మర్యాదనుకున్నానక్కా. అన్నీ మేమే చేసేస్తాం, సూదులు మేమే గుచ్చుతాం, కోసేది మేమే. ఇదొక్కటైనా మీ చేతిలో ఉంటే బాగుంటుందనుకున్నాను. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు."

"చేతిలో ఏముంది?"

"ఏమీ లేదు. డబ్బాలో పైనున్నదే తియ్యాలి, నేను వేరేది తీయనివ్వను కదా. ఆ వరస ఎక్కడో ఎప్పుడో కట్టేసి పంపారు. నువ్వు తీసినా అదే, నేను తీసినా అదే. ఆ రోజు ఆ వేళకి ఎవరొస్తే వాళ్ళది."

దర్జీ తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని చూపుడువేలు కొస గట్టిపడి ఉంది. అంతే. వేరే ఏమీ లేదు.

"ఈ మాట ఆవిడకి చెప్పావా?"

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

*

కూతుర్ని ఒంటి మీద పెట్టినప్పుడు దర్జీ చేతులు వాటంతటవే పని చేశాయి. తల పక్కకి, కాళ్ళు మడిచి, కట్టు చుట్టి, అంచు చంక కిందకి. రేడియో కొడుకు నేర్పిపోయిన పని. పెద్ద సిస్టర్ చెప్పాల్సిన మాటలు చెప్పకుండానే పక్క కుర్చీకి వెళ్ళింది. పిల్ల వాడి కంటే తేలిక. గొంతు దగ్గర చిన్న తడి ఊపిరి. భర్తకి ఫోను చేసింది.

"ఎత్తుకున్నాను" అంది.

"మొన్న చెప్పావుగా."

"మళ్ళీ చెబుతున్నాను."

అద్దం తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. కిటికీ అక్క. ఆస్పత్రి గౌను లేకుండా, బయటి బట్టల్లో వేరే మనిషిలా ఉంది. ఎడమచేతిలో ఉతికి మడతపెట్టిన కట్టు.

దర్జీ గౌను అంచులు గబుక్కున దగ్గరికి లాక్కుంది. పిల్లని దాచాలనిపించింది. దాచడానికి ఎక్కడుంది?

కిటికీ అక్క లోపలికి వచ్చింది. పెద్ద సిస్టర్ ఎందుకని అడగలేదు.

"బట్టల్లో కలిసి వచ్చేసింది" అంది, కట్టుని స్టూలు మీద పెడుతూ. "ఆస్పత్రిది కదా."

వెళ్ళడానికి తిరిగింది.

"అక్కా, పైదే తీశాం మనం" అంది దర్జీ. తడబడింది. "డబ్బాలో పైన ఏదుంటే అదే తీయాలిట. వరస ముందే కట్టేసి ఉందిట. ఎవరు తీసినా అదే వచ్చేదిట. ఆ పిల్ల తీసినా, డాక్టరు తీసినా. మన చేతులదేమీ లేదు."

కిటికీ అక్క కదల్లేదు. పక్క కుర్చీలో ఎవరి బిడ్డో తుమ్మాడు.

"అంటే ఇంకో పూట ముందు వచ్చుంటే..."

"ఊఁ. వేరేది పైనుండేదేమో."

"ఇంకో పూట ఆగి వచ్చినా."

"ఊఁ."

అది ఓదార్పో కాదో దర్జీకి తెలియలేదు. అబద్ధం మాత్రం కాదు.

"అయితే ఈ చెయ్యి కాదు" అంది కిటికీ అక్క, మెల్లగా.

"కాదక్కా."

ఆమె కుడిచేతిని పైకి తెచ్చుకుని చూసింది. చాలా రోజులు కట్టు కట్టి విప్పిన చేతిని చూసుకున్నట్టు చూసింది. తర్వాత ఆమె చూపు దర్జీ రొమ్ము మీదకి వెళ్ళింది. గౌను లాక్కోవడంలో పిల్ల టోపీ కిందకి జారింది. మొహం గుడ్డలోకి ఒరిగింది. దర్జీ చూసుకోలేదు.

కిటికీ అక్క కుళాయి దగ్గరికి వెళ్ళింది. సబ్బు రుద్దుకుంది. రెండు చేతులూ, మోచేతుల దాకా. కడుక్కుని, తుడుచుకుని వచ్చి వంగింది. కుడిచేతి రెండు వేళ్ళతో టోపీ పైకి జరిపింది. చెంప కింద వేలు పెట్టి తల పక్కకి తిప్పింది. గడ్డం కొంచెం పైకెత్తింది.

"ముక్కు కనపడాలి" అంది.

పిల్ల మూలిగి మళ్ళీ నిద్రలోకి జారుకుంది. కిటికీ అక్క చెయ్యి తీయలేదు. ఆ చేతికి చోటుండేలా దర్జీ తన చెయ్యి కాస్త పక్కకి జరుపుకుంది.